అహమును జయించుట: కబ్బాలా బోధ చరిత్ర, హైదరాబాదులో సర్మద్ ఉదంతము

ఉపోద్ఘాతము

బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో పరిచర్య చేసే కాపరి ఎదుట ఆదివారం కూర్చొనేవారిలో పోటీ పరీక్షలకు సిద్ధపడే యువతీ యువకులు చాలామంది ఉంటారు. జిల్లాల నుండి వచ్చి హాస్టళ్లలో ఉంటూ, పగలంతా కోచింగ్ సెంటర్లలోను చిక్కడపల్లి గ్రంథాలయంలోను గడిపే ఈ పిల్లలు పుస్తకాలతో పాటు సెల్‌ఫోనులో వచ్చే రకరకాల బోధలను కూడా వింటారు. వారిలో ఒకరు ఆరాధన ముగిసిన తరువాత వచ్చి, "అయ్యగారూ, కబ్బాలా అని యూదుల విద్య ఒకటి ఉందట. అది చదివితే మనిషిలోని అహం పోతుందట. నిజమేనా?" అని అడిగితే మనము ఏమి చెప్పాలి? "అది మంత్రవిద్య, దాని జోలికి పోకు" అని ఒక్క మాటతో పంపివేయవచ్చు. లేదా "అన్నీ ఒకటేలే" అని ఊరుకోవచ్చు. ఈ రెండూ చదవనివాడు చెప్పే జవాబులే.

ఆ ప్రశ్నకు చరిత్రలో నుండి జవాబు వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశము. కబ్బాలా అహము గురించి ఏమి బోధించినది? ఆ బోధ ఏ కాలములో ఏ రూపము తీసుకున్నది? యూదుల ధర్మశాస్త్రములో పెరిగిన ఒక మనిషి 17వ శతాబ్దములో మన హైదరాబాదుకే వచ్చి, తనది అన్నదంతా విడిచిపెట్టి జీవించిన ఉదంతము మనకు ఏమి నేర్పుతుంది? ఈ మూడింటిని వరుసగా చూసి, చివరకు క్రీస్తు రిక్తత అను సిద్ధాంతము వెలుగులో వాటిని పరిశీలిద్దాము.

1. కబ్బాలా అను మాట

హీబ్రూ భాషలో కబ్బాలా అనగా 'స్వీకరించినది', 'పరంపరగా అందినది' అని అర్థము. ఈ ధాతువు హైదరాబాదు వాసికి పరాయిది కాదు. ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చిన 'కబూలు' అను మాట అరబ్బీలోని అదే సెమిటిక్ ధాతువు నుండి పుట్టినది. నిఖా సమయంలో వినిపించే 'కబూల్' అదే. శిస్తుకు ఒప్పుకొని రైతు వ్రాసి ఇచ్చిన 'కబూలియతు' అదే. అలాగే బర్కత్‌పుర పేరులోని 'బర్కత్' అను మాటకు దీవెన, సమృద్ధి అని అర్థము. ఆదికాండములో అబ్రాహాముకు వాగ్దానము చేయబడిన 'బెరాఖా', ఈ 'బర్కత్' ఒకే ధాతువు బిడ్డలు. ఒక మాట పుచ్చుకొనుటను, రెండవ మాట దీవించుటను సూచిస్తాయి. ఈ వ్యాసమంతా ఈ రెండు మాటల మధ్యనే నడుస్తుంది గనుక పాఠకులు వీటిని జ్ఞాపకముంచుకోవాలి.

మిష్నాలోని 'పిర్కే అవోత్' మొదటి వచనమే మోషే సీనాయి నుండి ధర్మశాస్త్రమును స్వీకరించి యెహోషువకు అప్పగించిన సంగతితో ఆరంభమవుతుంది. స్వీకరించుటకు అక్కడ వాడిన క్రియ ఈ ధాతువుకు చెందినదే. పరిసయ్యుల శిక్షణ పొందిన పౌలు ప్రభురాత్రి భోజనమును గురించి (1 కొరింథీ 11:23), పునరుత్థానమును గురించి (1 కొరింథీ 15:3) వ్రాస్తూ, తాను పొందినదానిని అప్పగించానని చెప్పుట ఇదే పరంపర భాష. అదే పత్రికలో 4:7లో ఆయన ఒక సూటి ప్రశ్న వేస్తాడు: పుచ్చుకొననిది నీయొద్ద ఏమున్నది, పుచ్చుకొన్నవాడవైతే అతిశయమెందుకు అన్నది దాని సారాంశము. అహమునకు మందు 'పుచ్చుకొనుట' అను మాటలోనే ఉన్నదని పౌలు ఎరుగును.

సాంకేతికార్థములో కబ్బాలా అనగా యూదుల మధ్య 12, 13 శతాబ్దములలో దక్షిణ ఫ్రాన్సులోను, స్పెయినులోను రూపుదిద్దుకున్న మర్మజ్ఞాన సంప్రదాయము. దాని ముఖ్యగ్రంథము 'జోహర్'. సంప్రదాయము దానిని 2వ శతాబ్దపు రబ్బీ షిమోన్ బార్ యోహాయికి ఆపాదించినది. ఆధునిక పరిశోధకులు, ప్రత్యేకముగా గెర్షోమ్ షోలెమ్ (1897-1982), అది 13వ శతాబ్దము చివర స్పెయినులోని కాస్టీలులో, ప్రధానముగా మోషే దె లెయోన్ చేతిమీదుగా వెలువడినదని చూపించారు. అంతము లేని దేవుడు, అనగా 'ఏన్ సోఫ్', పది 'సెఫిరోతు' అనబడే గుణముల ద్వారా తన్ను తాను బయలుపరచుకొంటాడన్నది అందులోని ప్రధాన భావము.

క్రైస్తవ పండితులు కూడా దీనిని పట్టించుకొనకపోలేదు. ఇటలీలో పికో దెల్లా మిరాందోలా 1486లో ప్రకటించిన 900 ప్రతిపాదనలలో కబ్బాలాకు చోటు ఇచ్చాడు. హీబ్రూ వ్యాకరణమును జర్మనీ విద్యార్థులకు అందించిన యోహాన్ రాయిష్లిన్ 1517లో, అనగా లూథరు 95 వాదములను ప్రకటించిన ఆ సంవత్సరములోనే, కబ్బాలా మీద గ్రంథము ప్రచురించాడు. యూదుల పుస్తకములను తగలబెట్టాలని కొందరు పట్టుబట్టినప్పుడు వాటిని కాపాడుటకు నిలబడినవాడు ఈ రాయిష్లినే. కాబట్టి వేదాంత విద్యార్థి ఈ అంశమును చదువుట కొత్త సంగతి కాదు.

2. అహము విషయములో మూడు మలుపులు

కబ్బాలా ఆదినుండి అహమును జయించే విద్యగానే బోధించబడినదని అనుకొంటే పొరపాటు. దానిలో ఎక్కువ భాగము దేవుని గుణములు, సృష్టి, ధర్మశాస్త్రములోని ఆజ్ఞల మర్మము గురించినది. అహము ప్రశ్న ముందుకు వచ్చిన సందర్భములు ప్రధానముగా మూడు.

మొదటిది 16వ శతాబ్దపు సఫేదు. 1492లో స్పెయిను నుండి వెళ్లగొట్టబడిన యూదులలో అనేకులు తూర్పు దేశములకు చేరారు. గలిలయ కొండలలోని సఫేదు పట్టణము వారికి విద్యాకేంద్రమైనది. అక్కడ మోషే కొర్డొవెరో (1522-1570) 'తోమెర్ దెవోరా', అనగా 'దెబోరా ఖర్జూరచెట్టు', అను చిన్న పుస్తకము వ్రాశాడు. మీకా 7:18-20లోని దేవుని కనికరపు గుణములను ఒక్కొక్కటిగా తీసుకొని, మనిషి వాటిని తన పొరుగువాని పట్ల ఎలా ఆచరించాలో మొదటి అధ్యాయము వివరిస్తుంది. సెఫిరోతులలో అత్యున్నతమైన 'కెతెర్', అనగా కిరీటమును పోలి నడుచుకొనుట అంటే దీనత్వమేనని రెండవ అధ్యాయము బోధిస్తుంది. కిరీటమునకు అర్థము తల వంచుట అని చెప్పిన ఈ పుస్తకములో మర్మజ్ఞానము నీతి జీవితముగా మారినది.

కొర్డొవెరో మరణించిన 1570లోనే ఐజక్ లూరియా (1534-1572) ఐగుప్తు నుండి సఫేదుకు వచ్చాడు. అక్కడ ఆయన జీవించినది రెండేళ్లే. తాను వ్రాసినది బహు స్వల్పము. శిష్యుడైన హయ్యిమ్ విటాల్ (1542-1620) బోధలను గ్రంథస్థము చేశాడు. లూరియా బోధలో ముఖ్యమైనది 'త్సిమ్‌త్సుమ్', అనగా సంకోచము. అంతటా నిండియున్న దేవుడు సృష్టికి చోటిచ్చుటకు తన్ను తాను వెనుకకు తీసుకున్నాడన్నది ఆ బోధ. ఇరుకు ఇంటిలో అతిథికి చోటివ్వాలంటే ఇంటివాడు పక్కకు జరగవలసినట్టు, ఇతరుడు ఉండాలంటే నేను కొంత తగ్గాలి అన్న నీతిని తరువాతి బోధకులు దీనినుండి తీశారు.

రెండవ మలుపు 18వ శతాబ్దపు తూర్పు యూరపులోని హసీదు ఉద్యమము. బాల్ షెమ్ తోవ్ (మరణము 1760) తరువాత దానికి నాయకుడైన మెజెరిచ్ దోవ్ బేర్ (మరణము 1772) 'నేను' అను మాటను శూన్యముగా మార్చుట గురించి బోధించాడు. హీబ్రూ చదివే విద్యార్థులకు ఇది వెంటనే తెలుస్తుంది. 'అనీ' అనగా 'నేను'. 'అయిన్' అనగా 'లేదు', 'శూన్యము'. రెండు మాటలలోను ఉన్నవి ఆలెఫ్, నూన్, యోద్ అను ఆ మూడు అక్షరములే. 119వ కీర్తన చదివేటప్పుడు మనము చూసే అక్షరములే ఇవి. వాటి వరుస మారితే 'నేను' కాస్త 'లేదు' అవుతుంది. ఈ స్థితికి వారు పెట్టిన పేరు 'బిట్టూల్', అనగా దేవుని ఎదుట తన్ను తాను రద్దుపరచుకొనుట. అయితే ఆ హసీదు ధర్మశాస్త్రమును, ఆజ్ఞలను, విశ్రాంతి దినమును, కుటుంబమును విడిచిపెట్టలేదు. 'నేను' అన్నది రద్దు కావలసిన చోటు సమాజము మధ్యనే.

మూడవ మలుపు 20వ శతాబ్దపుది. నేటి యువకులు ఇంటర్నెట్‌లో వినే బోధకు ఎక్కువగా మూలము ఇదే. వార్సాలో పెరిగిన యెహూదా అష్లగ్ (1885-1954) 1920ల ఆరంభములో యెరూషలేముకు వలసవచ్చాడు. జోహర్‌కు 'సులామ్', అనగా 'నిచ్చెన', అను వ్యాఖ్యానము వ్రాశాడు. ఆయన బోధ సూటిగా ఉంటుంది. సృష్టించబడిన ప్రతిదాని స్వభావము పుచ్చుకోవాలనే కోరిక. సృష్టికర్త స్వభావము ఇచ్చుట. స్వభావములు వేరైనవి ఒకదానికొకటి దూరమవుతాయి, ఒకటైనవి దగ్గరవుతాయి. కనుక మనిషి తన కోసం పుచ్చుకొనే కోరికను ఇతరులకు ఇచ్చుటకై పుచ్చుకొనే కోరికగా మార్చుకొన్నప్పుడే దేవునికి దగ్గరవుతాడు. 'పుచ్చుకొనుట' అనుటకు ఆయన వాడిన మాట కబ్బాలా ధాతువే. అష్లగ్ సామాజిక న్యాయము గురించి కూడా గట్టిగా వ్రాశాడు. ఇచ్చే స్వభావము సమాజ వ్యవస్థగా కనిపించాలని ఆశించాడు. ఆయన కుమారుడు బారుఖ్ అష్లగ్ (1907-1991) ఆ బోధను కొనసాగించాడు. తరువాత వచ్చిన బృందములు దానిని అనేక భాషలలో, యూదులు కానివారికి సైతము అందుబాటులోకి తెచ్చాయి.

3. కుతుబ్‌షాహీ హైదరాబాదులో సర్మద్

ఇప్పుడు మన ఊరికి వద్దాము. బర్కత్‌పుర నుండి కాచిగూడ, చాదర్‌ఘాట్ మీదుగా మూసీ దాటితే పాతబస్తీ. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా స్థాపించిన ఆ నగరము, అబ్దుల్లా కుతుబ్ షా కాలమునకు (1626-1672) పారసీక భాష మాట్లాడే పండితులకు, వర్తకులకు పేరుపొందిన ఆశ్రయము. గోల్కొండ వజ్రములు, మచిలీపట్నము రేవు వారిని ఇక్కడికి రప్పించాయి. వారిలో ఒకడు సర్మద్.

సర్మద్ గురించి మనకున్న ముఖ్యమైన సమకాలీన ఆధారము 'దబిస్తానె మజాహిబ్', అనగా 'మతముల పాఠశాల', అను పారసీక గ్రంథము. జొరాస్ట్రియన్ నేపథ్యమున్న దాని రచయిత గ్రంథములో తన పేరును స్పష్టముగా చెప్పుకోలేదు. యూదుల మతమును గురించిన భాగములో ఆయన, తాను హిజ్రీ 1057లో, అనగా క్రీ.శ. 1647లో, హైదరాబాదులో సర్మద్‌ను కలుసుకున్నానని వ్రాశాడు. సర్మద్ యూదు రబ్బీల వంశమున పుట్టి, ధర్మశాస్త్రము చదివి, తరువాత ఇస్లామును స్వీకరించి, ఇరానులో ముల్లా సద్రా వంటి తత్త్వవేత్తల వద్ద విద్య నేర్చినవాడని ఆ గ్రంథము చెబుతుంది. కాషాన్ వాడని ఆయనకు ప్రసిద్ధి. వర్తకుడుగా సముద్రము మీద సింధులోని థట్టా రేవుకు చేరాడు. అక్కడ అభయ్‌చంద్ అను హిందూ యువకుని పట్ల కలిగిన గాఢమైన అనురాగముతో సరుకును, సంపదను, చివరకు వస్త్రములను కూడా విడిచి దిగంబరుడయ్యాడు. తరువాత లాహోరు మీదుగా ఇద్దరూ హైదరాబాదు చేరారు.

వేదాంత విద్యార్థులు గమనించవలసిన సంగతి ఇక్కడ ఉన్నది. అభయ్‌చంద్ సర్మద్ వద్ద తోరాను, దావీదు కీర్తనలను చదువుకున్నాడు. తోరా ఆరంభ భాగమును పారసీకములోనికి అనువదించాడు. దబిస్తాన్ రచయిత దానిని సర్మద్‌తో సరిచూసుకొని తన గ్రంథములో చేర్చాడు. ఆ విధముగా ఆదికాండము మొదటి అధ్యాయములు ఒక హిందువు కలముతో, యూదుడుగా పుట్టినవాని పర్యవేక్షణలో, జొరాస్ట్రియన్ సంప్రదాయమున పెరిగినవాని పుస్తకములో భద్రమయ్యాయి. వీరు ముగ్గురిని కలిపినది మన హైదరాబాదు. తెలుగులో మొదటి సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అంతకు 165 సంవత్సరములకు ముందే ఈ నగరములో సృష్టి వృత్తాంతమును గూర్చి, ఆదాము పతనమును గూర్చి చర్చ జరిగినదన్నమాట. దబిస్తాన్ 1809లో కలకత్తాలో అచ్చయినది. 1843లో దాని ఆంగ్లానువాదము మూడు సంపుటములుగా వెలువడినది.

సర్మద్‌ను కబ్బాలా గురువని ముద్ర వేయనవసరము లేదు. ఆయన రుబాయీలు పారసీక సూఫీ భాషలో ఉన్నాయి. అయితే ఆయన యూదు ధర్మశాస్త్రములో పెరిగి, సూఫీల 'ఫనా', అనగా అహము దేవునిలో లయించుట, అన్న బోధలోనికి నడిచాడు. హసీదు 'బిట్టూల్' అని తరువాత పిలిచినదానిని, సూఫీ 'ఫనా' అన్నదానిని ఒకే మనిషి జీవితములో పక్కపక్కన పెట్టి ఆలోచించుటకు తెలుగు నేలకు సంబంధించి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ లేదు.

4. ఢిల్లీలో అంతము

1650లలో సర్మద్ ఢిల్లీకి వెళ్లాడు. షాజహాన్ పెద్ద కుమారుడు దారా షికోహ్ ఆయనను ఆదరించాడు. 1657లో ఉపనిషత్తులను పారసీకములోనికి తెచ్చిన దారా, సింహాసనము కొరకైన పోరులో తమ్ముడు ఔరంగజేబు చేతిలో ఓడి 1659లో చంపబడ్డాడు. దారా పక్షమువారికి ఆ తరువాత రోజులు మంచివి కావు. 1661లో సర్మద్‌కు శిరచ్ఛేదము జరిగినది. ఆయన సమాధి ఢిల్లీ జామా మసీదు పక్కనే నేటికీ ఉన్నది. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ యువకుడుగా ఉన్నప్పుడు సర్మద్ మీద ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసి ఆయనను సత్యము కొరకు ప్రాణమిచ్చినవానిగా గౌరవించాడు.

ఆయన విచారణను గూర్చి తరతరాలుగా చెప్పుకొనే కథనము ఒకటున్నది. ఇస్లాము విశ్వాస ప్రమాణము పలుకమంటే ఆయన 'లా ఇలాహ', అనగా 'దేవుడు లేడు', అన్నంతవరకే పలికి ఆగిపోయాడట. 'అల్లాహ్ తప్ప' అన్న మిగిలిన మాట ఎందుకు పలుకవని అడిగితే, తాను ఇంకా 'లేదు' అన్న దగ్గరే మునిగియున్నానని, 'ఉన్నాడు' అన్న దగ్గరకు చేరకుండానే ఆ మాట పలికితే అది అబద్ధమవుతుందని జవాబిచ్చాడట. విచారణలో అక్షరాలా ఇలాగే జరిగినదా అన్నది అటుంచితే, ఈ కథనము అహము ప్రశ్నను దాని చివరి అంచుకు తీసుకొనిపోతుంది. నోటితో ఒప్పుకొనే మాటకు, లోపల నిజముగా ఉన్న స్థితికి మధ్య దూరమెంత? విశ్వాస ప్రమాణమును ప్రతి ఆదివారము తడుముకొనకుండా పలికే మనలను ఈ ప్రశ్న తాకకుండా పోదు.

5. తెలుగువారికి కబ్బాలా చేరిన రెండవ దారి

సర్మద్ తరువాత రెండు శతాబ్దములకు పైగా గడిచాక 'కబ్బాలా' అను మాట ఆంగ్లము చదివిన తెలుగువారికి దివ్యజ్ఞాన సమాజము ద్వారా చేరినది. హెలెనా బ్లావట్‌స్కీ 1877లోను, 1888లోను ప్రచురించిన పెద్ద గ్రంథములలో కబ్బాలాను విరివిగా వాడుకున్నది. 1882లో ఆమెయు, కర్నల్ ఆల్కాట్‌ను నెల్లూరు, గుంటూరు ప్రాంతములను దర్శించారు. అదే సంవత్సరాంతమున సమాజ కేంద్రము మద్రాసు అడయారుకు మారినది. ఆ సమాజములో గొప్ప మేధావిగా పేరుపొందినవాడు కాకినాడ ప్రాంతపు తెలుగువాడైన తల్లాప్రగడ సుబ్బారావు (1856-1890). అయితే ఈ దారిన వచ్చిన కబ్బాలా యూదుల ప్రార్థనామందిరము నుండి, హీబ్రూ భాష నుండి, ఆజ్ఞల నుండి విడదీయబడినది. అది అన్ని మతముల వెనుక ఉన్న రహస్య విద్యలో ఒక భాగమైపోయినది. నేడు మన యువకులలో కొందరికి కబ్బాలా అనగానే రహస్య శక్తులు గుర్తుకు వచ్చుటకు ఈ చరిత్ర కొంత కారణము.

6. పరిశీలన: అధ్యయనము అహమును జయించగలదా?

చరిత్ర మనకు ఒక హెచ్చరికను కూడా ఇస్తున్నది. సర్మద్ ఢిల్లీలో చంపబడిన నాలుగేళ్లకు, 1665లో, స్ముర్న పట్టణపు యూదుడు షబ్బతాయి త్స్వీ (1626-1676) తానే మెస్సీయనని ప్రకటించుకున్నాడు. గాజా నాథాను అను కబ్బాలా పండితుడు లూరియా బోధ ఆధారముగా అతనిని సమర్థించాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుండి యెమెను వరకు యూదులు ఆస్తులమ్ముకొని ప్రయాణానికి సిద్ధపడ్డారు. హామెలిన్ గ్లూకెల్ అను జర్మనీ యూదు స్త్రీ తన స్వీయచరిత్రలో, తన మామగారు వాగ్దాన దేశమునకు పోవుటకు పీపాలలో బట్టలు, నిలువ ఆహారము నింపి సిద్ధముగా ఉంచిన సంగతి వ్రాసినది. 1666లో సుల్తాను ఎదుట షబ్బతాయి ప్రాణభయముతో ఇస్లామును స్వీకరించాడు. దేవుడే తన్ను తాను తగ్గించుకున్నాడని బోధించిన విద్య, ఒక మనిషి తన్ను తాను లోకరక్షకునిగా హెచ్చించుకొనుటకు నిచ్చెన అయినది. అహమును గూర్చిన పాఠములు చదివినంత మాత్రమున అహము చావదు. అది ఆ పాఠములనే వస్త్రముగా కప్పుకొని తిరుగగలదు. జ్ఞానము ఉప్పొంగజేయునని కొరింథీ సంఘమునకు పౌలు వ్రాసినది (1 కొరింథీ 8:1) ఇదే.

ఈ విమర్శ కబ్బాలాకు మాత్రమే కాదు, మనకును వర్తించును. దీనత్వము మీద ప్రసంగించుటకు వచ్చే బోధకుని నిలువెత్తు ఫ్లెక్సీ చర్చి గేటు దగ్గర కట్టుట, పేరుకు ముందు బిరుదులు తగ్గితే నొచ్చుకొనుట, సిలువను గూర్చి పరిశోధన పత్రము వ్రాసి సహాధ్యాయి మార్కులను చూసి కుమిలిపోవుట మనము ఎరుగనివి కావు.

కొర్డొవెరో, హసీదులు, అష్లగ్ ముగ్గురిలోను మంచిగా కనిపించేది, వారు అహము మీద పోరాటమును పొరుగువాని పట్ల చేసే పనితో ముడిపెట్టుట. ఎంత గ్రహించాను అని కాక, ఎవరికి చోటిచ్చాను అని వారు అడిగారు. సర్మద్ ఉదంతములో గొప్పగా కనిపించేది నిజాయితీ. కాని అందులో ఒక వెలితి కూడా ఉన్నది. విడిచిపెట్టుట విడిచిపెట్టుటగానే ఆగిపోతే, 'లేదు' అన్న మాట తరువాత ఏమి వస్తుంది? ఆయన హైదరాబాదు నివాసములో మిగిలిన ఫలము ఆయన దిగంబరత్వము కాదు. శిష్యునికి లేఖనము నేర్పి, అతని అనువాదమును ఓపికతో సరిదిద్ది, తన పేరు చెప్పుకోని మరొకరి పుస్తకములో దానిని ఉండనిచ్చుట. అక్కడ ముగ్గురూ తమ తమ 'నేను'ను కాస్త పక్కకు జరిపారు. లోకము గుర్తుపెట్టుకున్నది శిరచ్ఛేదమును. మనము గుర్తుపెట్టుకోవలసినది ఈ చిన్న పనిని.

ఫిలిప్పీ 2:5-11 ఈ చోటనే మనకు మార్గము చూపుతుంది. క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకొనుటకు ముందు, ఆయన దేవుని స్వరూపము కలిగినవాడని అపొస్తలుడు చెబుతున్నాడు. ఆయన రిక్తత లేమిలో నుండి వచ్చినది కాదు, నిండుతనములో నుండి వచ్చినది. "అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది" అని మన పెద్దలు చెప్పే సామెత ఇక్కడ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. ఖాళీ విస్తరిని ఇంకా ఖాళీ చేసినందువలన అది కుదురుగా ఉండదు. దానిలో అన్నము వడ్డించాలి. అహము కూడా అంతే. అది లోపలి లేమి చేసే అలజడి. ఆ లేమిని కృప నింపినప్పుడు మనిషి ఎగిరిపడనవసరము ఉండదు. గలతీ 2:20లో పౌలు, జీవించుచున్నది ఇక తాను కాదని చెప్పి 'లేదు' దగ్గర ఆగలేదు. క్రీస్తే తనలో జీవించుచున్నాడని చెప్పాడు. క్రైస్తవ ఆత్మనిరాకరణలో 'నేను' శూన్యము కాదు. అది ప్రేమించబడి, నింపబడి, ఇవ్వగలిగినదవుతుంది. మార్కు 8:34లో తన్ను తాను ఉపేక్షించుకోమన్న ప్రభువు, ఆ మాట వెంటనే తన్ను వెంబడించమన్నాడు.

ముగింపు

ఆరాధన తరువాత నిలబడి అడిగిన ఆ విద్యార్థికి ఇప్పుడు మనము ఏమి చెబుదాము? మొదట, అతని ప్రశ్నను గౌరవిద్దాము. ర్యాంకుల పట్టికలో తన విలువను వెదకుకొనే వయసులో అహము నుండి విడుదల కావాలని అడిగే పిల్లవాడు దేవుని రాజ్యమునకు దూరముగా లేడు. రెండవది, కబ్బాలా అంటే తాయెత్తులు, రహస్య శక్తులు కాదని, యూదు ప్రజలు శ్రమల మధ్య కాపాడుకున్న గంభీరమైన సంప్రదాయమని, అందులో దీనత్వమును గూర్చిన నిజమైన వెదకులాట ఉన్నదని నిజాయితీగా చెబుదాము. యూదుల విశ్వాసమును ఎగతాళి చేసి క్రీస్తును ఘనపరచలేము. మూడవది, ఏ చదువైనా, మన వేదాంత విద్య అయినా, తానే అహమును చంపలేదని ఆ సంప్రదాయపు చరిత్రే సాక్ష్యమిస్తున్నదని చూపిద్దాము. ఆ తరువాత అతనిని ఒక పుస్తకము దగ్గరికి కాక, ప్రభువు బల్ల దగ్గరికి నడిపిద్దాము. అక్కడ ఎవరును ర్యాంకు చూపించి పుచ్చుకొనరు. అందరును చేతులు చాపి పుచ్చుకొంటారు.

అబ్రాహామును దేవుడు దీవించినది అతడు దీవెనగా ఉండుటకే (ఆదికాండము 12:2). పుచ్చుకొనుటయు దీవించుటయు అక్కడ ఒకే పిలుపులో కలిసియున్నవి. మన ఊరి వాడుకలోని 'కబూలు'కు, మన పేట పేరులోని 'బర్కత్'‌కు మధ్య ఉండవలసిన బంధము అదే. కృపను కబూలు చేసుకొన్నవాడే బర్కత్ కాగలడు. ఆ క్రమము తప్పి, పుచ్చుకొనకుండానే దీవెనకర్తలమని కూర్చొన్న దినమున, మన పరిచర్య ఎంత పెద్దదైనను అది ఎగిరిపడే ఖాళీ విస్తరియే. కాపరులమును, కాపరులు కాబోవువారమును ముందుగా మన హృదయములను ఈ మాటతో పరీక్షించుకొందుము గాక.